విగ్రహం ఆవిడది, దిమ్మ మీద పేర్లన్నీ మగాళ్లవి. ఇదేం మర్యాద?

పుస్తకంపురుగు_తెనాలి
రెండు వారాలుగా రోమన్ సామ్రాజ్యం చివరి కాలం నాటి శాసనాలు పట్టుకుని కూర్చున్నా. రాజకుటుంబం ఆడవాళ్లకి ఊరి నడిబొడ్డున విగ్రహాలు పెట్టేవాళ్లు కదా, ఆ దిమ్మల మీద రాతలు. విగ్రహాలు దాదాపు అన్నీ పోయాయి, దిమ్మలే మిగిలాయి. చదివేకొద్దీ ఒళ్లు మండుతోంది. ఇటలీలో సలెర్నో దగ్గర దొరికిన హెలెనా దిమ్మ చూడండి. హెలెనా అంటే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తల్లి. నాకు అర్థమైనంతలో రాత ఇదీ (ఆగస్టా అంటే మహారాణి బిరుదు, సీజర్ అంటే వారసుడైన చిన్న చక్రవర్తి):

"మా ఏలిక ఫ్లావియా ఆగస్టా హెలెనాకు, దివ్యుడైన కాన్‌స్టాంటియస్ పరమ పవిత్రురాలైన భార్యకు, మా ప్రభువు కాన్‌స్టాంటైన్‌ను కన్న తల్లికి, మా ప్రభువులు సీజర్లు క్రిస్పస్, కాన్‌స్టాంటైన్, కాన్‌స్టాంటియస్‌ల నాయనమ్మకు..."

తర్వాత పెట్టించిన గవర్నర్ పేరు, అంతే. మొగుడు, కొడుకు, మనవలు. ఆవిడ ఏం చేసింది, ఎలాంటి మనిషి అన్నది ఒక్క ముక్క లేదు. శుభలేఖలో "శ్రీమతి అండ్ శ్రీ ఫలానా వారి మనవరాలు" అన్నట్టుంది. ఇలాంటివి పదులకొద్దీ చదివి మనకి కొత్తగా తెలిసేదేముంది?

బెజవాడ_బుల్లోడు
కింద గవర్నర్ పేరు ఉందన్నారుగా. ఫ్లెక్సీ అన్నమాట. పైన మేడమ్ గారు, కింద "మీ విధేయుడు, వార్డు ప్రెసిడెంట్".

పుస్తకంపురుగు_తెనాలి
@బెజవాడ_బుల్లోడు నవ్వులాటకి అన్నారు గానీ నిజంగానే అలా ఉంది. ఆయన పేరు అల్పీనియస్ మాగ్నస్, లుకేనియా బ్రుట్టీ ప్రాంతం గవర్నర్. చివర "ఆమె ఘనతకూ ధర్మనిష్ఠకూ అంకితుడు" అని ముగించాడు.

లాటిన్_మాస్టారు
ఆ చివరి మాటే అసలు చూడాల్సింది, మీరు దాటేశారు. చక్రవర్తుల దిమ్మల మీద చివర అచ్చు గుద్దినట్టు ఒకటే మాట ఉంటుంది: "ఆయన దైవత్వానికీ మహిమకూ అంకితుడు". ఎంత అరిగిపోయిన మాటంటే పూర్తిగా చెక్కరు కూడా, డి.ఎన్.ఎమ్.క్యు.ఈ. అని ఐదు అక్షరాలు కొట్టి వదిలేస్తారు. అల్పీనియస్ ఆ అచ్చు వాడలేదు. దైవత్వం బదులు ఘనత, మహిమ బదులు ధర్మనిష్ఠ అని మార్చాడు. రాజుగారికి వాడే మాట రాజమాతకి వాడొచ్చా, వాడితే ఎంతవరకు వాడొచ్చు అని ఆ ఆఫీసులో ఎవరో బుర్ర గోక్కున్నారన్నమాట.

ఇక "పరమ పవిత్రురాలైన భార్య". అది ఊరికే పొగడ్త కాదండీ, జవాబు. హెలెనా ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. 395లో బిషప్ ఆంబ్రోస్ ఆమెని సత్రంలో పనిచేసిన మనిషి అనే అన్నాడు (ఆయన అది మెచ్చుకుంటూ అన్నాడనుకోండి). యూట్రోపియస్ అనే చరిత్రకారుడు "అంత పేరులేని పెళ్లి" అని నసిగాడు. అసలు పెళ్లే కాలేదన్నవాళ్లూ ఉన్నారు. పైగా కాన్‌స్టాంటియస్ తర్వాత థియోడోరాని చేసుకున్నాడు. ఆవిడ మాక్సిమియన్ చక్రవర్తి ఇంటి పిల్ల. వాళ్లకి ఆరుగురు పిల్లలు. అంటే కాన్‌స్టాంటైన్‌కి సవతి తమ్ముళ్లున్నారు, వాళ్ల తల్లి వైపు వంశం ఇతనిదానికంటే గొప్పది. ఇప్పుడు మళ్లీ చదవండి: "దివ్యుడైన కాన్‌స్టాంటియస్ పరమ పవిత్రురాలైన భార్య". థియోడోరా పేరెత్తకుండానే ఆమెని పక్కకి నెట్టేసింది ఆ ముక్క. మీకు చుట్టరికాల జాబితాలా కనబడుతున్నది ఆస్తి దస్తావేజు.

ఓరుగల్లు_పిల్ల
దస్తావేజు 👌

సందేహాల_సరళ
మాస్టారు గారూ, మరీ లోతుకి పోతున్నారేమో. గవర్నర్ గారి గుమాస్తా పక్క ఊరి దిమ్మ చూసి కాపీ కొట్టి ఉంటాడు. ప్రతి పదం వెనకా కుట్ర ఎందుకు?

లాటిన్_మాస్టారు
కుట్ర అనలేదమ్మా, జాగ్రత్త అన్నా. గుమాస్తా కాపీ కొట్టినా ఏది కొడితే ఉద్యోగం ఉంటుందో తెలిసే కొడతాడు.

పాతనాణెం
ఇందులో ఇంకో ఉపయోగం ఉంది. మనవల్ని లెక్కపెట్టి తేదీ కట్టొచ్చు. హెలెనాకీ, కోడలు ఫాస్టాకీ ఆగస్టా బిరుదు వచ్చింది 324 ప్రాంతంలో. అంతకు ముందు థెస్సలొనికి టంకసాల నాణేల మీద ఇద్దరూ "నోబిలిసిమా ఫెమినా" మాత్రమే, అంటే మహా కులీన స్త్రీ. 326లో కాన్‌స్టాంటైన్ తన పెద్దకొడుకు క్రిస్పస్‌ని చంపించాడు. కాబట్టి సలెర్నో దిమ్మలో ఆగస్టా ఉంది, క్రిస్పస్ ఉన్నాడు: 324, 326 మధ్య. రోమ్‌లో శాంతా క్రోచే చర్చి దగ్గర ఇంకో హెలెనా దిమ్మ ఉంది, యూలియస్ మాక్సిమిలియానస్ అనే ఆయన పెట్టించినది. అందులో మనవలు ఇద్దరే. పెద్దవాడు మాయం. అంటే 326 తర్వాతది.

పుస్తకంపురుగు_తెనాలి
అమ్మ బాబోయ్. నాయనమ్మ దిమ్మ మీద మనవడి పేరు లేకపోతే వాణ్ణి చంపేశారని అర్థమా.

పాతనాణెం
అంతే. ఫాస్టా కూడా అదే ఏడాది పోయింది. మరుగుతున్న స్నానాల గదిలో చంపారని తర్వాతి వాళ్లు రాశారు. కారణం గురించి తలా ఒక కథ, నేను ఏదీ చెప్పను. కానీ సొరెంటోలో ఒక దిమ్మ ఉంది. అది మొదట ఫాస్టాకి పెట్టింది. ఆమె పోయాక ఊరివాళ్లు ఆ దిమ్మని పారేయలేదు. పేరు చెక్కేసి అదే చోట హెలెనా అని కొట్టారు. "భార్య" తీసి "తల్లి" చేశారు. పిల్లలతో చుట్టరికం చెప్పే మాటని "నాయనమ్మ" చేశారు. మిగతా బిరుదులన్నీ ఉన్నవి ఉన్నట్టే.

బెజవాడ_బుల్లోడు
కోడలి సీటులో అత్తగారు. ఇది సీరియల్ కాదు కదా?

ఉలిదెబ్బ
నేను ముప్పయ్యేళ్లుగా రాతి పనిలో ఉన్నా. ఎక్కువగా శిలాఫలకాలు, సమాధి రాళ్లు. లాటిన్ రాదు. ఒక్క మాట అడుగుతా. ఫాస్టా పేరు, హెలెనా పేరు వాళ్ల లిపిలో ఎన్నెన్ని అక్షరాలు?

లాటిన్_మాస్టారు
"ఫలానా వారికి" అనే విభక్తిలో రాస్తారు. ఫాస్టే: ఏడు. హెలెనే: ఏడు. భార్యకి అనే మాట ఉక్సోరి: ఐదు. తల్లికి, మాత్రి: ఐదు. ఈ లెక్క నాకెప్పుడూ తట్టలేదు సుమండీ!

ఉలిదెబ్బ
అందుకే పని సులువైంది. చెక్కిన అక్షరాన్ని చెరపడం అనేది ఉండదు. పెన్సిల్ గీత కాదు కదా. అక్షరం లోతు ఎంతుందో అంత మేరా చుట్టూ రాయి దించాలి. దించినచోట పళ్లెంలా గుంట పడుతుంది. ఆ గుంటలో కొత్త అక్షరాలు కొట్టాలి. పాతదీ కొత్తదీ ఒకే పొడవైతే వరస చెడదు. పొడవు తేడా వస్తే మాత్రం మా పాట్లు చూడాలి. ఒక ఊళ్లో గుడి కమిటీ వాళ్లు "అధ్యక్షులు" తీసి "మాజీ అధ్యక్షులు" చేయమన్నారు. "మాజీ" ఎక్కడ పెట్టను? చివరికి పైన చిన్నగా కాకిపాదం పెట్టి ఇరికించా.

ఎంత బాగా దించినా గుంట దాగదు. పగలు ఎదురుగా చూస్తే కనబడదు. రాత్రిపూట టార్చిలైటు పక్కనుంచి, రాయికి ఆనించినట్టు పెట్టి వెయ్యండి. గుంట అంచు నీడ పడుతుంది. ఒక్కోసారి పాత అక్షరం అడుగు కూడా తేలుతుంది.

పాతనాణెం
శాసనాల వాళ్లు చేసేదీ అదే, ఏటవాలు వెలుతురులో ఫోటో తీయడం. ఉలిదెబ్బ గారికి నమస్కారం.

ఓరుగల్లు_పిల్ల
చిన్న డౌటు. విగ్రహం సంగతేంటి? పేరు మార్చారు సరే, మొహం కోడలిదేగా?

పాతనాణెం
సొరెంటో విగ్రహం మిగల్లేదు. కానీ మొహాలు కూడా తిరగ చెక్కేవాళ్లు. రోమ్‌లో కాపిటోలిన్ మ్యూజియంలో హెలెనాది అని చెప్పే కూర్చున్న విగ్రహం ఉంది చూడండి, అది అంతకు ముందున్న పాత విగ్రహం తల తిరగ చెక్కి చేసిందే. కంచు విగ్రహాలైతే కరిగించేస్తారు. దిమ్మ పైభాగాన పాదాలు దిగేసిన గుంటలు, సీసం పోసిన ఆనవాళ్లు మాత్రం మిగులుతాయి. అడుగుల గుంటలు చూసి విగ్రహం కంచుదా పాలరాయిదా అన్నది చెబుతారు.

సందేహాల_సరళ
సరే, ఇవన్నీ కాన్‌స్టాంటైన్ ఇంటి గొడవలు. మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆడమనిషి తనంతట తానుగా, మొగుడి పేరు లేకుండా దిమ్మ మీద కనబడ్డ సందర్భం ఒక్కటైనా ఉందా?

ఇస్తాంబుల్_రిటర్న్
ఉంది, నేను కళ్లారా చూశా. ఆఫీసు పని మీద ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు హగియా సోఫియా తోటలో పడేసినట్టున్న రాళ్ల మధ్య కనబడింది. పక్కన ఒకాయన సిమిట్ (నువ్వులద్దిన రింగు రొట్టె) తింటూ దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. అది యుడోక్సియా మహారాణి స్తంభం దిమ్మ. 403 నాటిది, 1847లో తవ్వకంలో బయటపడింది. ఒక వైపు లాటిన్, ఒక వైపు గ్రీకు.

లాటిన్ వైపు కట్టె కొట్టె తెచ్చె: మా ఏలిక ఏలియా యుడోక్సియాకు, సదా ఆగస్టాకు, నగర ప్రిఫెక్ట్ (నగరాధికారి) సింప్లీసియస్ సమర్పించాడు. అంతే. గ్రీకు వైపు నాలుగు పాదాల పద్యం. నాకు వచ్చినట్టు చెప్తా, గణాలు లెక్కపెట్టకండి:

"ఊదారాతి కంబాన్ని, వెండి మహారాణిని చూడు,
ఏలికలు నగరానికి తీర్పులిచ్చే చోట.
పేరు కావాలా? యుడోక్సియా. నిలిపిందెవరు?
ఘన కాన్సుల్‌ల వంశంలో పుట్టిన సింప్లీసియస్, మంచి ప్రిఫెక్ట్."

భర్త ఆర్కేడియస్ చక్రవర్తి పేరు రెండు వైపులా లేదు. తండ్రి లేడు, పిల్లలు లేరు. ఆవిడ, ఆఫీసరు, అంతే.

బెజవాడ_బుల్లోడు
"మంచి ప్రిఫెక్ట్" అని తనకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు. నా ఫ్లెక్సీ థియరీకి తిరుగులేదు.

పుస్తకంపురుగు_తెనాలి
ఇది నేను చదవనే లేదు! నా గోలంతా వెనక్కి తీసుకోవాలా ఇప్పుడు?

లాటిన్_మాస్టారు
సగం తీసుకోండి చాలు. అందులో "సదా ఆగస్టా" అన్న మాట గమనించారా? "సెంపెర్ ఆగస్టస్" అనేది మగ చక్రవర్తుల బిరుదు. దాన్ని ఆడరూపంలో తిప్పి ఆమెకి పెట్టారు. ఎనభై ఏళ్ల కిందట సలెర్నోలో మాట మార్చడానికి ఆలోచించారు, ఇక్కడ మాటని అలాగే ఎత్తి పెట్టేశారు. యుడోక్సియాకి ఆగస్టా బిరుదు ఇచ్చింది 400 జనవరి 9న. పేరుకి ముందున్న "ఏలియా" కూడా కథే. అది యుడోక్సియా మామగారు థియోడోసియస్ చక్రవర్తి మొదటి భార్య ఫ్లాక్సిల్లా ఇంటిపేరు. ఆవిడ తర్వాత తూర్పు రోమన్ సామ్రాజ్యంలో రాణులు చాలామంది పెట్టుకున్నారు: ఏలియా యుడోక్సియా, ఏలియా పుల్కేరియా, ఏలియా వెరీనా, ఏలియా అరియాడ్నే. ఇంటిపేరు కాస్తా బిరుదైపోయింది. అది మగాడి నుంచి కాదు, ఒక అత్తగారి నుంచి వచ్చిన బిరుదు.

ఓరుగల్లు_పిల్ల
మీ మొగుడి ఇంటిపేరు కాదు, మీ అత్తగారి పుట్టింటి పేరు. ఇది బాగుంది.

ఇస్తాంబుల్_రిటర్న్
ఆ విగ్రహం తెచ్చిన గొడవ కూడా చెప్పాలి. స్తంభం సరిగ్గా హగియా సోఫియా చర్చికి ఎదురుగా, మధ్యలో ఒక్క వెడల్పాటి వీధి. ఆవిష్కరణకి ఆటలు, పాటలు, మేళాలు. లోపల ఆ నగర బిషప్ జాన్ క్రిసోస్టమ్ పూజ చేసుకోలేక మండిపడ్డాడు. "మళ్లీ హెరోడియాస్ చిందులు, మళ్లీ జాన్ తల అడుగుతోంది" అని ప్రసంగం మొదలెట్టాడట (బైబిల్లో బాప్తిస్మమిచ్చే జాన్ తల నరికించింది ఈ హెరోడియాసే, ఈయన పేరూ జాన్). రాణి ఊరుకుంటుందా? 404 జూన్‌లో ఆయన్ని రాజధాని నుంచి వెళ్లగొట్టారు. అదే అక్టోబరులో ఆవిడ గర్భస్రావమై చనిపోయింది.

సందేహాల_సరళ
ఆ ప్రసంగం పేరుతో ఇప్పుడు దొరికేది ఆయనది కాదని పండితులు తేల్చారు కదా. మొదటి వాక్యం సోక్రటీస్ (తత్వవేత్త కాదు, చర్చి చరిత్ర రాసిన ఆయన) చెప్పిందే మనకి ఆధారం. అదే సోక్రటీస్, పాలకులకి నచ్చజెప్పకుండా ఆయన నోరు పారేసుకున్నాడనీ రాశాడు.

ఇస్తాంబుల్_రిటర్న్
ఒప్పుకుంటా, "అట" అన్నాగా.

పాతనాణెం
ఇక్కడ ఒక తమాషా. 387లో ఆంటియోక్ నగరంలో పన్ను పెంచారని జనం తిరగబడి చక్రవర్తి థియోడోసియస్ విగ్రహాలతో పాటు ఫ్లాక్సిల్లా విగ్రహాన్ని కూడా పడగొట్టి వీధుల్లో ఈడ్చారు. ఆవిడ అంతకు ముందు ఏడాదే పోయింది. ఊరంతా తలలు తెగుతాయని టెన్షన్. ముసలి బిషప్ ఫ్లేవియన్ రాజధానికి పరుగెత్తాడు, ఊళ్లో జనానికి ధైర్యం చెప్పిన పూజారి ఎవరనుకున్నారు? ఇదే క్రిసోస్టమ్. రాణి విగ్రహం జోలికి పోతే ఏమవుతుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పదహారేళ్ల తర్వాత తనే దాని జోలికి పోయాడు.

లాటిన్_మాస్టారు
యుడోక్సియా బొమ్మల మీద ఇంట్లోనే గొడవ. పశ్చిమాన ఏలుతున్న మరిది హొనోరియస్ అన్నకి ఉత్తరం రాశాడు: ఒక ఆడమనిషి బొమ్మల్ని రాష్ట్రాలన్నీ తిప్పారట, ఇదెక్కడి కొత్త చోద్యం, జనం చెవులు కొరుక్కుంటున్నారు అని. ఆ సంగతి గుర్తుచేస్తూ ఆయన రాసిన ఇంకో ఉత్తరం ఇప్పటికీ ఉంది. కాబట్టి తెనాలి గారూ, మొగుడి పేరు లేకుండా నిలబడితే ఎంత రచ్చ అయిందో చూశారు. మామూలు దిమ్మల మీద ఆ చుట్టరికాలన్నీ ఎందుకు పేర్చారో ఇప్పుడు అర్థమవుతుంది. అవి గొడుగు.

సందేహాల_సరళ
ఇది మాత్రం ఒప్పుకోను. గొడుగు అంటే ఆవిడ కోసం పట్టినట్టు. అది వాళ్ల కోసం పట్టుకున్నది. ఆవిడ పవిత్రురాలైతే కొడుకు సింహాసనం గట్టిది. "ఆస్తి దస్తావేజు" అని మీరే అన్నారు, ఇప్పుడు మాట మార్చకండి. దస్తావేజులో ఆస్తి ఎవరు? ఆవిడే.

లాటిన్_మాస్టారు
దెబ్బ తగిలింది. ఆలోచిస్తా.

కృష్ణ_ఒడ్డున
ఆలస్యంగా వచ్చా. హెలెనా కంటే కొన్ని దశాబ్దాల ముందే మన నాగార్జునకొండలో చాంతిసిరి ఉంది కదా. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు. మహాచైత్యం (పెద్ద స్తూపం) పక్కన నిలబెట్టిన ఆయక స్తంభాల మీద ఆవిడ రాతల్లో కూడా చుట్టరికాలే: ఫలానా రాజు తోబుట్టువు, మహాతలవరుడు (పెద్ద అధికారి) ఖందసిరి భార్య, ఖందసాగరన్నకుడి తల్లి, రాజు వీరపురుషదత్తుడు తన అల్లుడు. వినడానికి హెలెనా దిమ్మలాగే ఉంటుంది. కానీ ఒక తేడా. హెలెనాకి ఎవరో పెట్టారు. చాంతిసిరి తనే పెట్టించింది. స్తంభం ఇచ్చిందీ, పుణ్యం ఎవరికి చెందాలో చెప్పిందీ ఆవిడే. ఒకే జాబితా, చెప్పే నోరు వేరు. పైగా అల్లుడని తను రాయించింది సోదరుడి కొడుకునే.

బెజవాడ_బుల్లోడు
మేనరికం! ఇప్పుడు మన చరిత్ర అని నమ్మకం కుదిరింది.

సందేహాల_సరళ
@కృష్ణ_ఒడ్డున నేను వెతుకుతున్న తేడా ఇదే. ఎవరు రాయించారు అన్నది ముందు చూడాలి, ఏం రాశారన్నది తర్వాత.

ఓరుగల్లు_పిల్ల
మరి థియోడోరా? ఆరో శతాబ్దపు చక్రవర్తి జస్టీనియన్ భార్య? ఆవిడ గురించి ఎవరూ ఎత్తరేం.

పాతనాణెం
కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) ఊదారాతి కంబం మీద ఆవిడ విగ్రహం నిలిపారు, ఊరివాళ్లే కృతజ్ఞతతో పెట్టారని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. విగ్రహం అందంగానే ఉంది గానీ రాణి అందానికి సరిపోదు, ఆ అందాన్ని మాటల్లోనో బొమ్మలోనో పట్టడం మనిషి తరం కాదు అన్నాడు. ఇదే మనిషి ఇంకో పుస్తకంలో రహస్యంగా ఆవిణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే మోడరేటర్ నన్ను బయటికి పంపుతాడు.

పుస్తకంపురుగు_తెనాలి
ఉలిదెబ్బ గారి టార్చి మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఆదివారం మా ఊరు వెళ్లా. బడి గోడకి ఒక రాయి ఉంది, స్థలం ఇచ్చిన మా ముత్తాత పేరు, కింద "ధర్మపత్ని" అని ముత్తమ్మమ్మ పేరు. స్థలం నిజానికి ఆవిడ పుట్టింటి వాళ్లు ఆవిడకి పసుపుకుంకుమల కింద ఇచ్చిందే. రాత్రి ఎనిమిదింటికి మా తమ్ముడితో వెళ్లి టార్చి పక్కనుంచి వేశా. వాచ్‌మన్ దొంగలనుకుని కర్రతో వచ్చాడు, అది వేరే కథ.

గుంట ఉంది! ముత్తాత పేరు దగ్గర లేదు, "ధర్మపత్ని" కిందే ఉంది. చేత్తో తడిమితే కూడా తెలుస్తోంది. అక్షరాలు ఆ చోట ఇరుకుగా, మిగతా వరసకంటే చిన్నగా ఉన్నాయి. ఎవరి పేరు కొట్టేశారో అని గుండె దడదడ. మొదటి భార్య ఉందేమో, ఆవిడ పేరు తీసేశారేమో అని ఎక్కడెక్కడికో పోయింది మనసు. మా పెద్దమ్మకి ఫోన్ చేశా.

బెజవాడ_బుల్లోడు
ఆపకండి సార్!

పుస్తకంపురుగు_తెనాలి
మొదట "సుబ్బమ్మ" అని కొట్టారట. ఆవిడ పేరు సుబ్బాయమ్మ. ఆవిష్కరణ రోజు అందరి ముందూ "ఈ సుబ్బమ్మ ఎవరో ఆవిణ్ణే పిలుచుకు రండి, ఆవిడ స్థలంలో బడి కట్టుకోండి" అని వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయిందట. మర్నాటికల్లా రాయి దింపించి కొట్టించారు.

ఉలిదెబ్బ
ఒక అక్షరం, ఒక దీర్ఘం ఎక్కువ పట్టాలి, అందుకే ఇరుకు. ఫోటో పెట్టండి, ఆ "యమ్మ" ఎలా ఇరికించాడో నాకు చూడాలనుంది.